ఎల్‌2కి దక్కేదెంత?

2009 నుంచి 2012 వరకు దక్షిణ కాలిఫోర్నియాలో నగరాలు, ఇతర స్థానిక సంస్థలు పిలిచిన 23 రోడ్డు పనులను అమెరికన్ ఆస్ఫాల్ట్ సౌత్ అనే ఒక్క కంపెనీయే దక్కించుకుంది. వాటి మొత్తం విలువ 1 కోటి 46 లక్షల డాలర్ల పైమాటే. కేసు తుదితీర్పు వచ్చిన 2017 ఫిబ్రవరి నాటి మారకం రేటు ప్రకారం, డాలరుకు 67 రూపాయలు వేసుకుంటే, దాదాపు 98 కోట్ల రూపాయలు. సగటున ఒక్కో పని 6 లక్షల 35 వేల డాలర్లు, అంటే నాలుగుంపావు కోట్ల రూపాయలు. వంతెనలు, ఫ్లైఓవర్లు ఏమీ కావు. ఉన్న తారురోడ్డు మీద పలుచగా వేసే రక్షణ పూత. దాన్ని స్లర్రీ సీల్ అంటారు. తారు ఎమల్షన్, నీళ్లు, సన్నటి రాతిపొడి కలిపిన ముద్దను మూడు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల మందంలో పరిచి, ఆరాక వాహనాలు వదులుతారు. పగుళ్లలోకి నీరు దిగకుండా రోడ్డుకు ఇంకొన్నేళ్ల ఆయుష్షు వస్తుంది.

ఈ 23 పనుల్లో ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినది, ఆ కంపెనీయే అయితే, ఎల్‌2గా, అంటే దాని తర్వాతి తక్కువ ధరతో రెండో స్థానంలో, మిగిలిపోయామని కోర్టుకెక్కినవి రెండు కంపెనీలు: రాయ్ అలన్ స్లర్రీ సీల్, డగ్ మార్టిన్ కాంట్రాక్టింగ్. వీళ్ల ఫిర్యాదు నగరాల మీద కాదు. టెండరు కమిటీ లంచం తిన్నదనీ, నిబంధనలు మార్చారనీ అనలేదు. గెలిచిన కంపెనీ తన కూలీలకు చట్టం చెప్పిన వేతనం, ఓవర్‌టైమ్ ఇవ్వలేదనీ, అలా మిగుల్చుకున్న డబ్బుతోనే రేటు తగ్గించి కోట్ చేసిందనీ, చట్టప్రకారం జీతాలిచ్చే తాము అందుకే ఓడిపోయామనీ వాదించారు. పోయిన లాభాన్ని ఆ కంపెనీయే కట్టివ్వాలని అడిగారు.

టెండర్లలో రెండో స్థానంలో నిలిచినవాడికి చట్టం ఏమిస్తుందన్న ప్రశ్న ఇంత శుభ్రంగా ఒక కోర్టు ముందుకు రావడం అరుదు. మామూలుగా ఇలాంటి కేసుల్లో అధికారి పక్షపాతం, అర్హత నిబంధన, కాగితం లోపం అన్నీ కలగలిసిపోయి ఉంటాయి. ఇక్కడ మిగిలింది ఒక్కటే: ఎల్‌1 అడ్డదారిలో ఎల్‌1 అయితే, ఆ పని ఎల్‌2దేనా?

24 వేల డాలర్ల లెక్క

ముందు ఆరోపణ వెనకున్న లెక్క చూడాలి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ సొమ్ముతో జరిగే పని విలువ 1,000 డాలర్లు దాటితే, ఆ ప్రాంతంలో ఆ పనికి రాష్ట్ర పారిశ్రామిక సంబంధాల శాఖ ప్రకటించిన వేతనాన్ని కాంట్రాక్టరు ఇచ్చి తీరాలి. కనీస వేతనం వేరు, ఇది వేరు. ఇది చాలా ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే స్థానిక కూలిరేట్లను పడగొట్టి ప్రభుత్వ పనులు కొట్టేసే పోటీని ఆపడమే దీని ఉద్దేశం. ఫెడరల్ ప్రభుత్వం ఇదే ఉద్దేశంతో 1931లోనే డేవిస్-బేకన్ చట్టం చేసింది.

ఇప్పుడొక ఊహాలెక్క. కింది అంకెలు కేసులోవి కావు, విషయం తెలియడానికి నేను వేసినవి. సగటు పని, అంటే 6 లక్షల 35 వేల డాలర్లది, తీసుకుందాం. పదిమంది కూలీలు, 20 రోజులు, రోజుకు 8 గంటలు: మొత్తం 1,600 పనిగంటలు. గంటకు 15 డాలర్లు తగ్గించి ఇస్తే మిగిలేది 24 వేల డాలర్లు. టెండరు విలువలో ఇది నాలుగు శాతం కూడా లేదు. అయినా రోడ్డు పూత లాంటి పనుల్లో నాలుగు శాతం చిన్న తేడా కాదు. తారు ఎమల్షన్, కంకర అందరూ దాదాపు ఒకే ధరకు కొంటారు. యంత్రాల అద్దెలో కొద్దిగా తేడా ఉండొచ్చు. నిజంగా కత్తెర వేయడానికి వీలున్నది కూలి దగ్గరే. ఎల్‌1కి, ఎల్‌2కి మధ్య గీత అక్కడే పడుతుంది.

దొరికితే? బకాయి 24 వేలు కట్టాలి. గడువులోగా కట్టకపోతే అంతే మొత్తం, ఇంకో 24 వేలు, నష్టపరిహారంగా పడొచ్చు. ఆపైన జరిమానా: ఒక్కో కూలీకి, ఒక్కో రోజుకు గరిష్ఠంగా 200 డాలర్లు. పదిమంది, 20 రోజులు కాబట్టి 40 వేలు. మొత్తం 88 వేలు. దీన్నిబట్టి దొరికే అవకాశం 27 శాతం కన్నా తక్కువని నమ్మే కాంట్రాక్టరుకు తప్పు చేయడమే లాభం అని లెక్క చెబుతుంది.

200 డాలర్ల జరిమానా 2012 జనవరి నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. అంతకుముందు గరిష్ఠం 50 డాలర్లే. పాత రేటున అదే లెక్క వేస్తే జరిమానా 10 వేలు, మొత్తం 58 వేలు. దొరికే అవకాశం 41 శాతం దాకా ఉన్నా సరే, ఎగ్గొట్టినవాడికి గిట్టుబాటే. వివాదంలోని 23 పనుల కాలం 2009 నుంచి 2012 దాకా. అందులో ఎక్కువ భాగం ఆ 50 డాలర్ల రోజులదే.

కోర్టులు ఏం చేశాయి

రివర్‌సైడ్ కౌంటీలోని కింది కోర్టు కేసును సాక్ష్యాల దాకా వెళ్లనివ్వలేదు. ఫిర్యాదులో రాసిందంతా నిజమే అనుకున్నా చట్టం ముందు ఈ దావా నిలవదంది. ఈ మాట గుర్తుంచుకోవాలి: గెలిచిన కంపెనీ నిజంగా జీతాలు ఎగ్గొట్టిందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు. ఆ ప్రశ్న విచారణకే రాలేదు.

2015లో అప్పీలు కోర్టు విభజిత తీర్పుతో ఎల్‌2 వైపు మొగ్గింది. చట్టం ప్రకారం తక్కువ కోట్ చేసిన, బాధ్యతగల బిడ్డరుకే నగరం పని ఇవ్వాలి కదా, ఎల్‌1 పక్కకు తప్పుకుంటే ఆ స్థానం ఎల్‌2దే కదా, కాబట్టి లాభం వచ్చే అవకాశం బలంగానే ఉంది అని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది.

2017 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. జస్టిస్ కారల్ కారిగన్ రాసిన తీర్పులోని ఆయువుపట్టు ఇది: పరుల వ్యాపార అవకాశాన్ని చెడగొట్టాడని ఒకరి మీద దావా వేయాలంటే, ముందు ఆ అవకాశం అనేది ఒక సంబంధంగా ఉండాలి, అందులోంచి లాభం రావడానికి గట్టి సంభావ్యత ఉండాలి. సీల్డ్ టెండరు వేసినవాడికీ నగరానికీ మధ్య అలాంటి సంబంధమే లేదు. కవర్లు తెరిచేదాకా ఎవరెంత వేశారో నగరానికి తెలియదు, ఇష్టపడి ఎంచుకునే స్వేచ్ఛా లేదు. తెరిచాక కూడా అన్ని టెండర్లనూ తిరస్కరించే హక్కు నగరానికి ఉంది. ఎల్‌2 బాధ్యతగల బిడ్డరో కాదో చూడాల్సి ఉంది. అలాంటప్పుడు ఎల్‌2 దగ్గర ఉన్నది ఆశే.

ఇదే కోర్టు 1987లో గుర్రపు పందెం కేసులోనూ ఇలాగే అంది. వేరే రౌతు అడ్డొచ్చి తన గుర్రం వెనకబడిందనీ, రావాల్సిన బహుమతి సొమ్ము ఇప్పించాలనీ ఒక యజమాని అడిగితే, పందెం ఫలితం ఊహ మాత్రమేనని తోసిపుచ్చింది. మరోపక్క 2003లో దక్షిణ కొరియా సైనిక రాడార్ కొనుగోలు వివాదంలో మాత్రం దావాను నడవనిచ్చింది. అక్కడ 3 కోట్ల డాలర్లకు పైగా కమిషన్ రావాల్సిన దళారీ కంపెనీకి, రాడార్ అమ్మే సంస్థతో అప్పటికే ఒప్పందం ఉంది. ఉన్న సంబంధం తెగింది కాబట్టి దావాకు కాళ్లు వచ్చాయి. స్లర్రీ సీల్ కంపెనీలకు అది లేదు.

రెండో కారణం మరింత ముఖ్యమైంది. పోటీ టెండర్ల చట్టం ఎవరి కోసం? ప్రజల కోసం, వాళ్ల పన్ను డబ్బు కోసం. బిడ్డర్ల కోసం కాదు. ఓడిన ప్రతి ఎల్‌2 గెలిచిన ఎల్‌1 మీద లాభం కోసం దావా వేయగలిగితే, పని చేసిన ప్రతి కాంట్రాక్టరూ కోర్టు ఖర్చులను ముందే టెండరులో కలుపుకొంటాడు. కొందరు టెండరే వేయరు. నగర ఇంజినీర్లు ప్రతి కేసులో సాక్షులుగా తిరుగుతారు. ఆ భారం చివరికి రోడ్డు మీదే పడుతుంది.

ఈ రెండో కారణంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటిదానితో మాత్రం అంతగా కాదు. నగరం అన్ని టెండర్లనూ తిరస్కరించగలదన్నది కాగితం మీద నిజమే. పోటీలో 23 సార్లు ఒకే కంపెనీ ముందు ఓడిన సంస్థలకు, ఆ 23లో ఒక్కటైనా వచ్చి ఉండేదని చెప్పడం గుర్రపు పందెం జోస్యం లాంటిదని అనడం సరికాదు.

చట్టమే తెరిచిన ఒక కిటికీ

ఇక్కడ తీర్పులోని ఒక అంశం దగ్గర ఆగాలి. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 1750వ సెక్షన్ ఎల్‌2కి ఒక హక్కు ఇచ్చింది. కార్మికుల ప్రమాద పరిహార బీమా గానీ, నిరుద్యోగ బీమా గానీ చట్టప్రకారం కట్టకుండా ఎల్‌1 అయినవాడి మీద ఎల్‌2 నష్టపరిహారానికి దావా వేయొచ్చు. అంటే బీమా ప్రీమియం ఎగ్గొట్టి రేటు తగ్గిస్తే దావా ఉంది, జీతం ఎగ్గొట్టి రేటు తగ్గిస్తే లేదు. సుప్రీంకోర్టు దీన్నే ఆధారం చేసుకుంది: శాసనసభకు ఇలాంటి హక్కు ఎలా ఇవ్వాలో తెలుసు, వేతనాల విషయంలో ఇవ్వలేదు, మేం కల్పించబోం అంది.

కోర్టు హద్దు దాటలేదు, మంచిదే. కానీ కూలీ వైపు నుంచి చూస్తే ఈ తేడాకు న్యాయం కనిపించదు. ప్రీమియం కన్నా జీతం పెద్ద ఖర్చు. ఎగ్గొట్టాలన్న ఆకర్షణా అక్కడే ఎక్కువ. వేతన చట్టాన్ని అమలు చేయాల్సిన లేబర్ కమిషనర్ ప్రతి వీధికీ వెళ్లలేడు. అదే ఎల్‌2 అయితే ఆ పని ఎంతకు గిట్టుతుందో ఇంజినీరు కన్నా బాగా తెలిసినవాడు, ఎల్‌1 సైట్‌లో ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కపెట్టగలవాడు. 27 శాతం గీత గురించి పైన చెప్పిన లెక్కలో దొరికే అవకాశాన్ని పెంచగల మనిషి ఎవరైనా ఉంటే అతనే. అతనికి పోయిన లాభం మొత్తం ఇవ్వకపోయినా ఫరవాలేదు. కూలీల బకాయి రాబట్టినప్పుడు అతని కోర్టు ఖర్చులైనా వచ్చేలా ఒక చిన్న దారి ఉండాల్సింది.

శాసనసభ వేరే దారి పట్టింది. 2014లో చేసిన చట్టం ప్రకారం ప్రజా పనుల్లో టెండరు వేయాలంటే కాంట్రాక్టరు ముందుగా పారిశ్రామిక సంబంధాల శాఖ దగ్గర ఏటా రుసుము కట్టి నమోదు కావాలి. 2015 మార్చి 1 నుంచి నమోదు లేనివారి టెండరు చెల్లదు. జీతాల పట్టికలను నేరుగా లేబర్ కమిషనర్‌కు పంపాలి. రోగం వచ్చాక దావా వేసుకోమనేకన్నా కవరు తెరవకముందే వడపోయడం మేలన్నది ఇందులోని ఆలోచన.

ఇక ఓడిన బిడ్డరుకు మిగిలేవి రెండు. ఒకటి, కాంట్రాక్టు సంతకం కాకముందే కోర్టుకెళ్లి, నగరం నిబంధన తప్పిందని చూపించి ఆపించడం. రెండు, నగరమే తప్పుచేసి అర్హుడైన ఎల్‌1ను తోసేస్తే, టెండరు తయారీకి అయిన ఖర్చు రాబట్టుకోవడం. 2000లో లాస్ ఏంజెలెస్ రవాణా సంస్థ కేసులో ఇదే కోర్టు ఆ గీత గీసింది: తప్పు రుజువైనా పోయిన లాభం ఇవ్వరు, టెండరు ఖర్చే ఇస్తారు. ఎందుకంటే లాభం చెల్లించాలంటే ప్రజలు ఒకే రోడ్డుకు ఇద్దరు కాంట్రాక్టర్లకు డబ్బు కట్టినట్టవుతుంది.

మన దగ్గర దారి ఎటు

మన దేశంలో టెండరు ఓడినవాడు నష్టపరిహారం అడగడు. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసి స్టే తెచ్చుకుంటాడు. 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే నేటికీ పునాది: కోర్టు టెండరు కమిటీ మీద అప్పీలు అధికారి కాదు, నిర్ణయం తీసుకున్న పద్ధతినే చూస్తుంది. 2006లో జగదీశ్ మండల్ కేసులో దాన్ని రెండు ప్రశ్నలుగా కుదించింది. నిర్ణయంలో దురుద్దేశం గానీ, ఏ వివేకవంతుడూ చేయనంత అసంబద్ధత గానీ ఉందా? దానివల్ల ప్రజాప్రయోజనం దెబ్బతిందా? రెండింటికీ లేదంటే కోర్టు చేయి పెట్టదు.

మహారాష్ట్ర విద్యుత్ బోర్డు కాంట్రాక్టు మీద హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్ కన్‌స్ట్రక్షన్ బొంబాయి హైకోర్టుకు వెళ్లిన వివాదంలో, 1998 డిసెంబరులో సుప్రీంకోర్టు స్టేల ఖరీదు గురించి గట్టిగా మాట్లాడింది. స్టే వల్ల ప్రాజెక్టు ఆలస్యమై ఖర్చు పెరిగి, చివరికి కేసు ఓడిపోతే, ఆ నష్టాన్ని స్టే తెచ్చినవాడే భరించే ఏర్పాటు ఉండాలంది. లెక్క చూడండి. పది కోట్ల రోడ్డు, ఏటా 6 శాతం ధరల పెరుగుదల, రెండేళ్ల స్టే అనుకుంటే, అదనపు భారం 1 కోటి 23 లక్షలు దాటుతుంది. ఎల్‌1, ఎల్‌2 మధ్య తేడా 20 లక్షలే ఉన్న కేసులో ఈ స్టే వల్ల ప్రజలకు మిగిలేదేమిటి? ఈ రెండేళ్లూ గుంతల్లో పడేవాళ్ల సంగతి ఈ లెక్కలో లేనే లేదు.

2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, రోడ్ల లాంటి మౌలిక ప్రాజెక్టుల ఒప్పందాలు ఆలస్యమయ్యేలా కోర్టులు ఇంజంక్షన్ ఇవ్వకూడదన్నారు. 2022 మార్చి 21న జార్ఖండ్‌లో ఒక రోడ్డు పునర్నిర్మాణానికి సంబంధించిన ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. టెండరు పూర్తిగా ఏకపక్షంగా, దురుద్దేశంతో ఇచ్చారని తేలినా సరే, పని ఆపేకన్నా అన్యాయంగా పక్కకు నెట్టబడ్డవాడిని నష్టపరిహారం వైపు పంపడమే మేలంది.

కాలిఫోర్నియా, భారత్ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తున్నాయి. అక్కడ టెండరును ముందే ఆపించుకో, తర్వాత డబ్బు అడగకు అంటున్నారు. ఇక్కడ పని ఆపకు, డబ్బు అడుగు అంటున్నారు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే ఆందోళన, రోడ్డు ఆగిపోకూడదని.

జీతాల ప్రశ్నలో మాత్రం మనం వాళ్లకన్నా వెనకబడి ఉన్నాం. మన టెండర్లలో లెస్, అంటే అంచనాకన్నా తగ్గించి వేయడం, గౌరవంగా చెప్పుకునే మాట. 18 శాతం లెస్, 22 శాతం లెస్ అని పత్రికల్లో వస్తే ప్రభుత్వానికి అంత ఆదా అని రాస్తాం. తెలుగు రాష్ట్రాల ఎస్‌ఎస్‌ఆర్ (ప్రామాణిక ధరల పట్టిక) రేట్లలో చాలా పనులకు చాలాకాలంగా కాంట్రాక్టరు లాభం, ఓవర్‌హెడ్ కలిపి 13.615 శాతం కలుపుతూ వచ్చారు. పని అసలు ఖర్చు 100 రూపాయలైతే అంచనా 113 రూపాయల 61 పైసలు. దాని మీద 25 శాతం లెస్‌కు వేసినవాడికి వచ్చేది 85 రూపాయల 21 పైసలు. ఒక్క పైసా లాభం తీసుకోకపోయినా, అసలు ఖర్చులోనే దాదాపు 15 రూపాయలు ఎక్కడో కోయాలి. అంచనాలే ఉబ్బించి ఉంటే వేరే సంగతి. లేకపోతే ఆ 15 రూపాయలు తారు మందంలోంచి రావాలి, లేదా కూలి డబ్బుల్లోంచి రావాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జులై 1 నాటి జీవో 94 ఈ ప్రమాదాన్ని కొంత పసిగట్టింది. 25 శాతం కన్నా ఎక్కువ లెస్ వేసినవాడు, తన ధరకూ అంచనాలో 75 శాతానికీ ఉన్న తేడాను అదనపు ధరావతుగా కట్టాలంది. పది కోట్ల పనికి 30 శాతం లెస్ వేస్తే, అంటే ఏడు కోట్లకు వేస్తే, 50 లక్షలు అదనం. పని మధ్యలో వదిలేసి పోకుండా అది కొంత కాపాడుతుంది. రోజుకూలి ఎంత ఇచ్చారన్నది మాత్రం ఆ ధరావతు చూడదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని ఇచ్చిన సంస్థే కట్టాలని, తర్వాత అతని బిల్లులోంచి పట్టుకోవాలని రాసింది. అలాంటి మాట మీద ఒక మున్సిపాలిటీ ఫైనల్ బిల్లు ఆపాలంటే కూలీ పేరు, పనిరోజులు, ఇచ్చిన మొత్తం దాని దగ్గర ఉండాలి. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చి, తారు డ్రమ్ముల పక్కన నెలరోజులు పనిచేసి ఇంకో ఊరికి వెళ్లిపోయే మనిషికి ఆ కాగితం ఎవరు రాసి ఉంచుతారు? అందుకే జీతాల పట్టికను టెండరు షరతుగా, ప్రతి రన్నింగ్ బిల్లుకూ జతగా పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక 2022 తీర్పు చూపిన నష్టపరిహారం దారి. దాని మీద నడవాలంటే ముందు ఒక అంకె కావాలి. అన్యాయంగా ఓడిన ఎల్‌2కి లేదా తోసేసిన ఎల్‌1కి ఇవ్వాల్సింది ఎంత? కాలిఫోర్నియా కొలత ప్రకారం టెండరు తయారీ ఖర్చే అయితే, పది కోట్ల పనికి మొత్తం కొంచెమే, హైకోర్టు వకీలు ఫీజుకూ చాలకపోవచ్చు. పోయిన లాభం ఇవ్వాలంటే, 13.615 శాతం లెక్కన లాభం, ఓవర్‌హెడ్ కలిపి దాదాపు 1 కోటి 20 లక్షల దాకా పోవచ్చు. అదీ మున్సిపాలిటీ ఖజానాలోంచి, అప్పటికే వేరే కాంట్రాక్టరుకు రోడ్డు డబ్బు కట్టేశాక. ఈ రెండు కొలతల్లో ఏది వాడాలో ఎన్.జి. ప్రాజెక్ట్స్ తీర్పు చెప్పలేదు.